ఒక తల్లి బిడ్డలే గాని...

మన ఇళ్ళలో ఆస్తుల పంపకం కాగితం మీద జరుగుతుంది. జబ్బుల పంపకం మాత్రం నోటిమాట మీద జరిగిపోతుంది. ఆయాసం మేనత్తది, మతిమరుపు తాతగారిది, బ్లడ్ ప్రెషర్ మాత్రం అచ్చంగా అమ్మమ్మ వైపు నుంచి దిగింది అని పెద్దవాళ్ళెవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుకి అప్పీలు ఉండదు. పెళ్ళిచూపుల నాడు జాతకచక్రం బయటపెట్టినంత ధైర్యంగా బి.పి. మాత్రల అట్ట బయటపెట్టిన తల్లిదండ్రులు ఎక్కడైనా ఉన్నారేమో గాని నాకైతే తారసపడలేదు. తీరా నాలుగేళ్ళు గడిచాక సంగతి బయటపడితే "మా వైపు ఎవ్వరికీ లేదమ్మా, ఇదంతా మీ పుట్టింటి సొత్తే" అని ఒకరు, "మామగారికి ఉందని మాకు ముందే చెప్పారా?" అని ఇంకొకరు. ఈ వాదంలో చివరికి మాట పడేది ఎక్కువగా ఆడవాళ్ళే. పిల్లల్ని కన్నది మనం గదా, ఆ పిల్లలకి వచ్చిన ప్రతిదీ మన పద్దులోనే రాస్తారు.

నేను ఉంటున్న కొండాపూర్‌లో ఈ పంచాయితీ మరీ జోరుగా సాగుతుంది. ఎంచేతంటే ఇక్కడ కాపరం ఉంటున్న వాళ్ళలో ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళు బహు తక్కువ. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి కొండాపూర్ అంటే రంగారెడ్డి జిల్లాలో ఒక ఊరు, చుట్టూ బండరాళ్ళూ తుప్పలూ. ఆ తర్వాత కంప్యూటరు ఉద్యోగాల వెంట గోదావరి జిల్లాల వాళ్ళు, గుంటూరు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, కడప వాళ్ళు వచ్చి అంతస్తుల మీద అంతస్తులుగా సర్దుకున్నారు. ఇలా వచ్చిన వాళ్ళలో చాలామందికి సొంత ఊళ్ళో ఒక అన్నో, తమ్ముడో, అక్కో మిగిలే ఉంటారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తే పట్నం మనిషెవరో పల్లె మనిషెవరో పొట్టని బట్టి చెప్పెయ్యొచ్చు. "పట్నం నీళ్ళు ఒంటబట్టాయి" అని ముసలివాళ్ళు మురిసిపోతారు కూడాను. ఈ ఫొటో సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఇలాంటి ఫొటోనే శాస్త్రజ్ఞులు కూడా తీశారు. అది తర్వాత చెబుతాను.

ముందు, ఈ "వంశం" అన్న మాట గుండెజబ్బుల చరిత్రలోకి ఎలా వచ్చిందో చూద్దాం. ఆ కథ మొదలయ్యింది దూరదేశాల్లోనే అయినా, అందులో రుచిగల ఘట్టాలు కొన్ని మన హైదరాబాదులో జరిగాయి.

రక్తానికి ఒత్తిడి ఉంటుందని మొట్టమొదట కొలిచి చూపినవాడు డాక్టరు కాదు, ఇంగ్లండులో ఒక చర్చి ఫాదరీ. పేరు స్టీఫెన్ హేల్స్. ఒక ఆడగుర్రాన్ని కట్టి పడేసి, దాని తొడలోని రక్తనాళానికి ఇత్తడి గొట్టం, దానికి పొడుగాటి గాజు గొట్టం తగిలించాడు. రక్తం ఎనిమిది అడుగులకి పైగా ఎగబాకింది. ఆ సంగతి 1733లో పుస్తకంగా అచ్చు వేశాడు. పాపం గుర్రం గురించి ఎవరూ రాయలేదు. మనుషులకి గొట్టాలు గుచ్చకుండా, చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి 1896లో ఇటలీ దేశస్థుడు రివా రోచి కనిపెట్టాడు. పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్ళు వినే పద్ధతి 1905లో రష్యా సైన్యంలోని సర్జను కొరోట్కాఫ్ చెప్పాడు. పై అంకె, కింది అంకె అని మనం అనుకునేవి అప్పటి నుంచే.

అంకె అయితే దొరికింది గాని దానితో ఏం చెయ్యాలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. వయసు పైబడ్డాక రక్తనాళాలు గట్టిపడతాయి, కాబట్టి రక్తాన్ని తోయడానికి గుండెకి ఆ ఒత్తిడి అవసరమే, దాన్ని తగ్గించకూడదు అని పెద్దపెద్ద డాక్టర్లే నమ్మారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి పోయిన రోజున ఆయన రక్తపోటు 300 మీద, 190 కింద అని నమోదయింది. ప్రపంచంలోకెల్లా గొప్ప వైద్యం అందుబాటులో ఉన్న మనిషికే ఆ గతి. ఆ తర్వాత మూడేళ్ళకి, 1948లో, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో 5,209 మందిని ఎంచుకుని, వాళ్ళలో ఎవరికి గుండెజబ్బు వస్తుందో, ఎందుకు వస్తుందో చూద్దామని ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తూ కూర్చున్నారు. ఒక విశేషం చెప్పాలి. ఆ 5,209 మందిలో 2,873 మంది ఆడవాళ్ళు. గుండెజబ్బు మగవాళ్ళ సొత్తు అనుకునే ఆ రోజుల్లో ఇది మామూలు సంగతి కాదు. రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్టు... ఇవి జబ్బు కాకపోయినా జబ్బుకి దారితీసే కారణాలని, "ముప్పు కారకాలు" అనే మాటతో 1961లో వాళ్ళే ప్రపంచానికి చెప్పారు. ఇప్పుడు ఏ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినా "మీ అమ్మగారికి ఉందా? నాన్నగారికి ఉందా?" అని అడిగి కాగితం మీద టిక్కు పెడతారే, ఆ అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఇద్దరు పెద్ద వైద్యుల మధ్య తగువు పడింది. మన అత్తాకోడళ్ళ వాదం లాంటిదే గాని లెక్కలతో. రాబర్ట్ ప్లాట్ అనే ఆయన అన్నాడూ, అధిక రక్తపోటు ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది, అది ఉన్న కుటుంబాలకి వస్తుంది, లేని వాళ్ళకి రాదు, మనుషులు రెండు జాతులు అని. జార్జి పికరింగ్ అనే ఆయన ససేమిరా అన్నాడు. పొడుగు సంగతి చూడండి, పొట్టివాళ్ళు పొడుగువాళ్ళు అని ఊళ్ళో రెండు కులాలు ఉంటాయా? పొట్టివాళ్ళ నుంచి పొడుగువాళ్ళ దాకా అన్ని మెట్ల మీదా మనుషులు ఉంటారు. రక్తపోటూ అంతే, ఎక్కడో ఒకచోట మనమే గీత గీసి ఇటువైపు జబ్బు, అటువైపు ఆరోగ్యం అంటున్నాం అన్నాడాయన. 1950ల్లో పత్రికల నిండా ఈ తగువే. చివరికి గెలిచింది పికరింగ్. రక్తపోటుని కాస్త కాస్త పెంచేవీ తగ్గించేవీ జన్యువుల్లో వెయ్యికి పైగా చోట్లు ఉన్నాయని ఈ మధ్య లక్షలాది మందిని పరీక్షించి తేల్చారు. ఒక్కొక్కటీ చేసే పని చిటికెడు ఉప్పంత. అలాంటివి మనందరిలోనూ కొన్ని ఉన్నాయి. అమ్మ వైపు నుంచి కొన్ని, నాన్న వైపు నుంచి కొన్ని. కాబట్టి "మా వైపు అసలు లేదు" అనే మాట ఏ అత్తగారు అన్నా అది శాస్త్రానికి నిలవదు సుమండీ.

అయితే ఒక్క జన్యువే కొంప ముంచే గుండెజబ్బులు లేవా అంటే, ఉన్నాయి. ఇక్కడే కథ హబ్సిగూడకి వస్తుంది.

హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అనే పరిశోధనాలయం ఉంది. జీవకణాల గురించీ, వాటిలోని అణువుల గురించీ పరిశోధించడానికి 1977లో మొదలుపెట్టారు. అక్కడి తంగరాజ్ గారు, ఆయనతో పాటు దేశవిదేశాల్లోని మరికొందరూ కలిసి 2009లో ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరం లాగడానికీ వదలడానికీ సాయపడే ఒక మాంసకృత్తు ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు అక్షరాలూ అంకెలూ కలిపి ఎమ్.వై.బి.పి.సి.3. ఆ పేరు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జన్యువంటే పొడుగాటి తాళపత్ర గ్రంథం అనుకుంటే, అందులో ఒకచోట 25 అక్షరాలు కొందరిలో రాలిపోయి ఉన్నాయి. ఏ కాలంలోనో వ్రాయసకాడు ఒక పంక్తి వదిలేస్తే, ఆ ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటా అదే లోపం వచ్చినట్టు. దాదాపు 33 వేల ఏళ్ళ కిందట ఈ పంక్తి తప్పిపోయిందని వాళ్ళ అంచనా. మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఈ లోపం ఉందట. గుండె కండరం చెడి, గుండె నీరసించే జబ్బు ఈ లోపం ఉన్నవాళ్ళకి రావడానికి అవకాశం, లేనివాళ్ళతో పోలిస్తే ఏడింతలు అని లెక్క తేలింది.

ఇన్ని వేల ఏళ్ళుగా అంత చెడ్డ లోపం ఎందుకు మాసిపోలేదు అని మీకు సందేహం రావచ్చు. దానికి సమాధానం ఉంది. ఆ జబ్బు చాలామందికి నడివయసులో గాని బయటపడదు. అప్పటికి పెళ్ళీ అయిపోతుంది, పిల్లలూ పుట్టేస్తారు. లోపం ముందు తరానికి చేరిపోయాకనే మనిషికి ఆయాసం మొదలవుతుంది.

ఆ వార్త ప్రపంచంలోని పత్రికలన్నిటా వచ్చింది. నూటికి నలుగురంటే మాటలా? ఒక పెళ్ళిపందిట్లో రెండు వందల మంది కూర్చుంటే ఎనిమిదిమంది అన్నమాట. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో గుబులు మొదలైంది. మేనమామకీ మేనకోడలికీ, బావకీ మరదలికీ తాతముత్తాతలు కలుస్తారు కాబట్టి, ఒకే లోపం అటు నుంచీ ఇటు నుంచీ రెండు ప్రతులూ బిడ్డకి చేరే అవకాశం ఎక్కువ. అది ఈ ఒక్క జబ్బుకే కాదు, అరుదైన పుట్టుకజబ్బులు చాలావాటికి వర్తించే సూత్రం. మేనరికం ఆస్తి బయటికి పోకుండా కాపాడుతుందని మన పెద్దలు చెప్పేవారు. ఆస్తితో పాటు ఇంకేమేమి బయటికి పోకుండా ఉంటాయో వాళ్ళకి తెలియదు.

కథ ఇక్కడితో ఆగిపోతే "చూశారా, వంశమే" అన్న పెద్దల మాటే గెలిచేది. ఆగలేదు. 2018లో అమెరికాలోని పరిశోధకులు, 2020లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ముఖ్యులుగా ఉన్న ఇంకో బృందం ఆ 25 అక్షరాల లోపాన్ని మళ్ళీ తిరగేశారు. 2020 వాళ్ళు తేల్చింది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ లోపం ఉన్న వాళ్ళందరికీ ముప్పు లేదట. అసలు దోషి దానికి పక్కనే, అదే జన్యువులో ఉన్న ఇంకొక అక్షరదోషం. ఆ రెండోది, మొదటి లోపం ఉన్న వాళ్ళలో కొద్దిమందికే ఉంది. వాళ్ళకి ముప్పు నిజమే. మిగతా ఎక్కువమందిలో ఆ 25 అక్షరాల ఖాళీ వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. రైలు పెట్టెలో దొంగ పక్క సీటులో కూర్చున్న పాపానికి అందర్నీ పోలీసు స్టేషనుకి తీసుకుపోయినట్టయింది. ఇందులో 2009 వాళ్ళని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. వాళ్ళు ఆ పెట్టె ఎక్కడుందో చూపించకపోతే అందులో దొంగని పట్టుకునేవాళ్ళే లేరు. కానీ వంశంలో ఉంది అనగానే నుదుటి రాత అనుకునే వాళ్ళకి ఈ పదకొండేళ్ళ కథ చెప్పి తీరాలని నాకనిపిస్తుంది. జన్యువుని చదివినవాళ్ళే తమ చదువుని దిద్దుకున్నారు. మనం మాత్రం అత్తగారు ఇరవై ఏళ్ళ కిందట అన్న మాటని దిద్దుకోం.

ఇక ఇందాక చెప్పిన ఫొటో సంగతి.

మా కొండాపూర్‌కి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో రామచంద్రాపురం ఉంది. అక్కడ 1960ల నుంచీ బి.హెచ్.ఇ.ఎల్. ఫ్యాక్టరీ. ఈ ప్రాంతానికి కంప్యూటర్లు రాకముందు పల్లెల నుంచి కుర్రవాళ్ళు ఉద్యోగాలకి వచ్చి చేరింది అక్కడికే. 2005 నుంచి 2007 దాకా మన దేశంలోని పరిశోధకులూ లండను వాళ్ళూ కలిసి ఒక అధ్యయనం చేశారు. లక్నో, నాగపూర్, బెంగుళూరు, హైదరాబాదు ఈ నాలుగు ఊళ్ళలో ఒక్కొక్క ఫ్యాక్టరీని తీసుకున్నారు. హైదరాబాదులో తీసుకున్నది బి.హెచ్.ఇ.ఎల్.నే. మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదువుకున్న గుండె వైద్యుడు కె. శ్రీనాథరెడ్డి గారు కూడా ఆ బృందంలో ఉన్నారు. వాళ్ళు చేసిన పని ఎంత తేలికో అంత తెలివైనది. పల్లె నుంచి వచ్చిన కార్మికుణ్ణి పట్టుకుని, "ఊళ్ళో మీ అన్నో తమ్ముడో, అక్కో చెల్లెలో ఉన్నారా?" అని అడిగారు. ఉంటే వాళ్ళనీ పిలిపించి, ఇద్దరికీ ఒకే రకం పరీక్షలు చేశారు. కార్మికుల భార్యలనీ, వాళ్ళ తోడబుట్టిన వాళ్ళనీ కూడా వదల్లేదు. మొత్తం ఆరున్నర వేల మంది. తల్లి ఒకరే, తండ్రి ఒకరే, చిన్నప్పుడు తిన్న కంచం ఒకటే. మారింది బతికే చోటు ఒక్కటే.

ఫలితం 2010లో వచ్చింది. మగవాళ్ళ లెక్క చెబుతాను. ఊళ్ళో ఉండిపోయిన వాళ్ళలో స్థూలకాయులు నూటికి 19 మంది. పట్నం వచ్చిన తోబుట్టువుల్లో 38 మంది. పట్నంలోనే పుట్టి పెరిగిన వాళ్ళలో 42 మంది. మధుమేహం ఊరి వాళ్ళలో నూటికి ఆరుగురికి ఉంటే, వలస వచ్చిన వాళ్ళలో 14 మందికి. అంటే వంశం ఏమీ మారకుండానే జబ్బు రెట్టింపయింది. వలస వచ్చిన వాళ్ళ రక్తపోటు కూడా ఊళ్ళోని అన్నదమ్ముల కంటే ఎక్కువగానే ఉంది. పట్నంలో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారో దాన్ని బట్టి కూడా 2011లో విడిగా లెక్క కట్టారు. కొవ్వు, వచ్చిన కొత్తల్లోనే గబగబా పేరుకుంటుంది. రక్తపోటు వంటివి మాత్రం నింపాదిగా, ఏళ్ళ మీద ఏళ్ళు పెరుగుతూ పోతాయి. పట్నం నీళ్ళు ముందు పొట్టకి పడతాయి, గుండెకి తర్వాత పడతాయి.

ఆడవాళ్ళ సంగతో? లావూ మధుమేహమూ మగవాళ్ళ వరసలోనే నడిచాయి. కానీ రక్తపోటు దగ్గర చిన్న విచిత్రం కనిపించింది. ఊరి ఆడవాళ్ళకీ పట్నం ఆడవాళ్ళకీ పెద్ద తేడా లేదు. ఎందుకో నేను చెప్పేది కేవలం నా ఊహ. మగవాడికి ఊరు మారితే బతుకే మారుతుంది, పొలం పోయి ఫ్యాక్టరీ వస్తుంది. ఆడదానికి ఊరు మారినా వంటిల్లు వంటిల్లే, ఆవకాయ జాడీ జాడీయే. రోజుకి మనిషికి ఐదు గ్రాములు, అంటే చెంచాడు లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, మాగాయ, అప్పడం, వడియం, మజ్జిగమిరపకాయ ఇవన్నీ పల్లెలోనూ ఉన్నాయి, పట్నంలోనూ ఉన్నాయి. ఈ చెంచా లెక్క మన తెలుగు భోజనానికి ఎలా సరిపెట్టాలో మాత్రం ఏ సంస్థా చెప్పలేదు.

ఇక్కడే ఇంకొక మాట చెప్పకపోతే నాకు తోచదు. ఆడవాళ్ళకి సొంతంగా ఉన్న ముప్పులు వంశవృక్షంలో వెతికితే దొరకవు. గర్భంతో ఉండగా రక్తపోటు పెరిగి, కాళ్ళకి నీరు దిగి, మూత్రంలో ఆల్బుమిన్ పోయి భయపెట్టిన వాళ్ళని చూస్తూనే ఉంటాం. కాన్పు అయ్యాక అంతా సర్దుకుంది గదా అని ఆ కాగితాలు పారేస్తాం. అలాంటి తల్లులకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే సుమారు రెండింతలు. డాక్టరు "మీ నాన్నగారికి బి.పి. ఉందా?" అని అడిగితే టక్కున చెబుతాం. మన కాన్పు నాటి బి.పి. సంగతి అడిగేవాళ్ళూ తక్కువే, చెప్పేవాళ్ళూ తక్కువే. ముట్లుడిగాక ముప్పు పెరుగుతుందన్నదీ తెలిసిన సంగతే.

ఫ్యాక్టరీ వాళ్ళ తర్వాత వంతు మా కంప్యూటరు వాళ్ళది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ళూ, దగ్గర్లోని ఒక పెద్ద ఆసుపత్రి డాక్టర్లూ కలిసి ఈ ప్రాంతంలో కంప్యూటరు ఉద్యోగులు 345 మందిని పరీక్షించారు. 2025లో అది అచ్చయింది. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు చేరింది. నూటికి 71 మంది స్థూలకాయులు. కాలేయంలో కొవ్వు, నడుం చుట్టూ కొవ్వు, చక్కెర, రక్తపోటు ఇవి నాలుగూ ఒక గుంపుగా తిరిగే చుట్టాలు. ఒకరు దిగితే మిగతావాళ్ళు మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తారు. ఈ 84 మందికీ వంశంలోనే ఉందంటే నమ్మగలమా? వాళ్ళ తాతలు నాగలి పట్టినవాళ్ళు, బావి తోడినవాళ్ళు.

మరి పుట్టుకతో వచ్చేది ఏమీ లేదా అంటే, అలా కూడా అనకూడదు. ఉంది. కానీ అది మనం అనుకునే చోట లేదు.

ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆవిడ మంత్రసానులకి పై అధికారిణిగా ఉండేది. 1911 నుంచీ ఆ జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ రాయాలి, ఏడాది నిండాక మళ్ళీ బరువు చూసి రాయాలి అని నియమం పెట్టింది. తల్లిపాలు తాగిందా, పళ్ళు వచ్చాయా అన్నీ రాయించింది. ఆవిడకి గుండెజబ్బులతో పనిలేదు, బిడ్డలు బతికి బట్టకడితే చాలు. ఆ పద్దుపుస్తకాలు ఎక్కడో దుమ్ము కొట్టుకుంటూ ఉండగా, 1980ల్లో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు కంటబడ్డాయి. ఆ బిడ్డల్లో ఐదున్నర వేల మందికి పైగా మగవాళ్ళని వెతికి, ఎవరు ఎలా పోయారో చూశాడు. పుట్టినప్పుడూ, ఏడాది నిండినప్పుడూ తక్కువ బరువున్న వాళ్ళే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో ప్రకటించాడు. తల్లి కడుపులో తిండి చాలని బిడ్డ, ఉన్నదాన్ని మెదడుకి పంపి మిగతా అవయవాలకి పొదుపు చేసుకుంటుంది, ఆ పొదుపు దెబ్బ యాభై ఏళ్ళకి గుండె మీద తగులుతుంది అని ఆయన వివరణ. చాలామంది నవ్వారు. కొందరు కోప్పడ్డారు. మళ్ళీ తల్లుల మీదికే నేరం తోశాడని కొందరన్నారు. నిజానికి ఆయన చెప్పింది తల్లి నేరం కాదు, తల్లికి పెట్టని తిండి.

దీన్ని పరీక్షించి చూడాలంటే గర్భిణులకి తిండి పెట్టి, వాళ్ళ బిడ్డలు పెరిగేదాకా పదిహేనేళ్ళు ఆగాలి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది? కానీ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది గదా. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిన పాత సంస్థ. 1987 నుంచి 1990 దాకా రంగారెడ్డి జిల్లాలో 29 పల్లెల్లో ఆ సంస్థ ఒక పని చేసింది. 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం అప్పటికే నడుస్తోంది, గర్భిణులకీ చిన్నపిల్లలకీ రోజూ వండిన ఉప్మా పెట్టేవారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసింది. ఏ పెళ్ళి ఫలహారంలోనూ దాన్ని ఎవరూ మెచ్చుకోరు. పక్కనే ఉన్న 14 పల్లెలకి పథకం ఇంకా రాలేదు. అప్పట్లో వాళ్ళు చూడాలనుకున్నది బిడ్డల బరువే, గుండె కాదు.

2003లో మళ్ళీ ఆ పల్లెలకి వెళ్ళారు. ఉప్మా తిన్న తల్లుల కడుపున పుట్టిన వాళ్ళు ఇప్పుడు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వాళ్ళు. రెండు రకాల పల్లెల నుంచీ 1,165 మందిని పరీక్షించారు. 2008లో ఫలితం అచ్చయింది. ఉప్మా పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అంటే మన చేతివేలు వెడల్పు కూడా కాదు. అసలు విశేషం లోపల ఉంది. వాళ్ళ రక్తనాళాలు రెండో రకం పల్లెల పిల్లల కంటే మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి. ఇన్సులిన్‌కి లొంగకుండా మొరాయించే గుణం వాళ్ళ ఒంట్లో నూటికి ఇరవై పాళ్ళు తక్కువగా ఉంది. రక్తపోటులోనూ కొలెస్టరాల్‌లోనూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి గదా. ఆ వయసుకి రక్తపోటు తేడా తెలిసేంత రాదు కూడాను.

వీటన్నిటికీ కారణం రోజుకొక గిన్నెడు ఉప్మా. అది తల్లి తరపుదా తండ్రి తరపుదా అని అడిగితే ఏం చెబుతాం? పథకం వాళ్ళ ఊరికి ముందొచ్చిందా, తర్వాతొచ్చిందా అన్నదే తేడా. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి, కడుపుతో ఉన్న ఆ తొమ్మిది నెలలూ ఎవరైనా గిన్నె ముందు పెట్టి తినమన్నారా లేదా అన్నదే తేడా. నన్నడిగితే మన వాదాల్లో "ఎవరి వైపు నుంచి వచ్చింది" అనే చోట "ఆవిడకి అప్పుడు ఏం పెట్టారు" అని అడగడం న్యాయం. అడిగితే చాలా ఇళ్ళలో అత్తగార్లకే కాదు, అమ్మలకీ సమాధానం దొరకదు.

ఆ అధ్యయనం అక్కడితో ముగియలేదు. ఆ పిల్లల్నే కాకుండా వాళ్ళ తల్లిదండ్రుల్నీ అన్నదమ్ముల్నీ కూడా చేర్చుకుని దాన్ని పెద్దది చేశారు. దాని పేరులో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఆ పల్లెలు 2014 నుంచీ తెలంగాణలో ఉన్నాయి, పేరు మాత్రం మార్చలేదు. ఉప్మా తిన్న ఆ తల్లుల్లో చాలామంది ఇప్పుడు అమ్మమ్మలూ నాయనమ్మలూ. వాళ్ళ బిడ్డలకి ముప్పై అయిదు దాటాయి. ఫ్రామింగ్‌హామ్‌లో మొదటివాళ్ళని పిలిచి చేతికి పట్టీ కట్టింది కూడా ఆ ఈడులోనే, ముప్పై నుంచి అరవై రెండు లోపు.